గ్యాసు వ్యానులో ఒంగోలు దారి

మొన్న ఒక బంధువు తన కొత్త కారులో నన్ను కాళహస్తి దాకా తీసుకెళ్ళాడు. హైబ్రిడ్ కారట. ఒకే బండి రెండు రకాలుగా నడుస్తుందని, ఎప్పుడు దేనిమీద నడవాలో దానికదే చూసుకుంటుందని దారి పొడుగునా దాని మహిమ చెబుతూనే ఉన్నాడు. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. రెండు రకాలుగా నడిచే బండి నాకేం కొత్త కాదు. ఆ సంగతి అతనికి చెప్పబుద్ధి కాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో చిత్తూరులో మా ఇంటి ముందు ఒక తెల్ల వ్యాను ఉండేది. పెట్రోలుతో నడిచేది, గ్యాసుతోనూ నడిచేది. గ్యాసు ఎక్కడిదంటారా? వంటింట్లో అన్నం వండుకునే ఎర్ర సిలిండరే. దాన్ని తెచ్చి వెనక సీటు వెనకాల నిలబెట్టి, బెల్టుతో బిగించి, దానినుంచి ఒక రబ్బరు ట్యూబును కిందగా ఇంజను దాకా లాగారు. స్టీరింగు పక్కన ఒక చిన్న స్విచ్చి. పైకి నొక్కితే పెట్రోలు, కిందికి నొక్కితే గ్యాసు. పెట్రోలు మీద స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక కిందికి నొక్కాలి. అప్పుడు బండి ఒక్కసారి ఎగిరిపడి, మళ్ళీ సర్దుకుని పోయేది. అది చూసినప్పుడల్లా బావ ముఖం వెలిగిపోయేది.

బావ అంటే నా మొగుడే. నా మేనత్త కొడుకు. ఊళ్ళో మోటారు పంపుల సామాన్ల అంగడి నడిపేవాడు కాబట్టి యంత్రాల గురించి తనకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. సెకండు హ్యాండులో ఆ వ్యాను కొని నెల కూడా కాలేదు. గ్యాసు ఎవరి చేత బిగించుకున్నాడో ఇంట్లో చెప్పలేదు. చెప్పుకునే పని కూడా కాదది. అప్పట్లో మా వైపు చాలామంది అలాగే చేసేవాళ్ళు. అడిగితే "అందరూ పెట్టుకున్నోళ్ళే గదా మే, వాళ్ళకేమైనా అయిందా?" అని నోరు మూయించేవాడు.

నా నోరు మూయించడానికి మా ఇంట్లో పెద్ద కష్టపడాల్సిన పని లేదు. దానికి కారణం చెప్పాలి.

ఇంట్లో చెడ్డమాట అనకూడదన్నది మనలో అందరికీ ఉండేదే. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం, బయల్దేరేటప్పుడు వెళ్ళొస్తామంటాం. మా అత్తకు మాత్రం ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఆమె దృష్టిలో తథాస్తు దేవతలు కాపురం ఉండేది మా ఇంటి వసారాలోనే. ఎవరు ఏమంటారా అని చెవులు రిక్కించుకుని, అనీ అనగానే తథాస్తు అనేసి చక్కా పోతారు. జ్వరం వచ్చిందని కూడా అననిచ్చేది కాదు, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉండాది అనాలి.

ఇక నా సంగతి. నాకు అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. మొదటిసారి అయిదో నెలలో ఒక సాయంత్రం, "అత్తా, పొద్దున్నించి బిడ్డ కదల్లేదు" అన్నాను. మర్నాడు ఆసుపత్రిలో అంతా అయిపోయింది. రెండోసారి మూడో నెల నడుస్తుండగా, "ఈసారీ నాకు భయంగా ఉందత్తా" అన్నాను. వారం తిరక్కుండానే అదీ పోయింది. దాంతో నా నోరు మంచిది కాదని ఇంటిల్లిపాదికీ ఖాయమైపోయింది. ఎంత మండేదో నాకు! నేను అన్నందుకు జరిగిందా, జరుగుతోంది గనక అన్నానా అని గట్టిగా అడగాలనిపించేది. అడిగితే అదీ చెడ్డమాటే అవుతుంది.

మూడోసారి కడుపు నిలిచి నాలుగో నెల దాటింది. ఈ బిడ్డ దక్కాలి. ఆ రోజుల్లో నాకింకే కోరికా లేదు, ఇంకే ఆలోచనా లేదు. పడుకుంటే అదే, లేస్తే అదే. అత్తకూ అంతే. నా కంచంలో ఏం పడుతోందో, నేను ఏ పక్కకు తిరిగి పడుకున్నానో అన్నీ చూసేది. నా మీద ఆమెకు ప్రేమ లేదని నేను ఎప్పుడూ అనను. నా నోటిమీదే ఆమెకు నమ్మకం లేదు.

ఆ కార్తీకంలో ఒంగోలులో మా ఆడబిడ్డ గృహప్రవేశం. పుట్టింటివాళ్ళం ముందు రోజుకే సారెతో చేరాలి. డాక్టరమ్మను అడిగితే, నెమ్మదిగా పోయేటట్టయితే పోవచ్చంది. బావకు అంతకంటే ఏం కావాలి? చెల్లెలింటికి సొంత బండిలో పోయి దిగాలన్నది ఆయన కోరిక. చిత్తూరు నుంచి తిరుపతి, కాళహస్తి, నాయుడుపేట మీదుగా హైవే ఎక్కి, నెల్లూరు దాటి ఒంగోలు. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోపు చేరతామన్నాడు.

అప్పటికి రెండు రోజులుగా సముద్రం వైపు వాయుగుండమని వార్తల్లో చెబుతున్నారు. మా దగ్గర సన్నజల్లే గానీ, ఆకాశం మాత్రం పొయ్యి మీద పెట్టిన కుండ అడుగులా ఉంది. అత్త దాన్ని చూసి, "మంచి చలువగా ఉండాది, ప్రయాణానికి హాయి" అంది.

సామాన్లు వెనక నింపారు. సిలిండరు చుట్టూ, దాని పైన. బెల్లం దిమ్మెల బస్తా, శనక్కాయల మూట, ఇత్తడి బిందెలు రెండు, టెంకాయలు, అరటి గెల, చీరల పెట్టె. ఆఖరికి సిలిండరు ఎర్రరంగు కనబడకుండా పోయింది. బావ బండిలోని దేవుడి బొమ్మ ముందు అగరొత్తులు వెలిగించి గుచ్చాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. నేను వెనక సీట్లో అత్త పక్కన ఎక్కి కూర్చున్నాను.

కూర్చోగానే గుప్పుమంది. అగరొత్తుల వాసన కింద మరో వాసన, కుళ్ళిన ఎర్రగడ్డల, అదే ఉల్లిపాయల వాసన. వంటింట్లో సిలిండరు మార్చేటప్పుడు ఒక్క క్షణం వచ్చిపోతుందే, అది.

"అత్తా, గ్యాసు వాసన..."

"ఉష్!" అత్త నా మోకాలు పట్టుకుని నొక్కింది. "శుభమా అని పోతా ఉండాము. ఏం మాటలే అవి!"

"నిజంగా వస్తా ఉండాదత్తా."

"వేవిళ్ళు మే. నాకైతే నీ బావ కడుపులో ఉన్నప్పుడు మల్లెపూలు కూడా కంపు కొట్టేవి. ఇదిగో, ఇది చూడు." నా చేతిలో ఒక నిమ్మకాయ పెట్టింది.

నిమ్మకాయలు చితికిన చప్పుడైంది. వ్యాను కదిలింది. నేను నిమ్మకాయను ముక్కుకు ఆనించుకుని కూర్చున్నాను. నోరు తెరిచి చెబితే బిడ్డకు ముప్పని వాళ్ళంటున్నారు. చెప్పకపోతే బిడ్డకు ముప్పని నా ముక్కు చెబుతోంది. నాలుగు నెలల కడుపుతో ఉన్న మనిషిని పట్టుకుని ఇదేం పరీక్షో అని దేవుణ్ణి మనసులోనే తిట్టుకున్నాను.

పూతలపట్టు దాటేసరికి ఇంజను వేడెక్కింది. బావ స్విచ్చి కిందికి నొక్కాడు. బండి ఎగిరిపడింది. "చూడమ్మా, గ్యాసెక్కింది!" అన్నాడు వెనక్కి తిరిగి. వాన పెరగడంతో అద్దాలన్నీ మూసేశాం. కాసేపటికి విచిత్రంగా ఆ వాసన తగ్గినట్టనిపించింది. చంద్రగిరి దగ్గరికి వచ్చేసరికి అసలు లేదు. నిజంగానే వేవిళ్ళేమో, అనవసరంగా ఆడిపోసుకున్నానేమో అనుకున్నాను.

చంద్రగిరి దాటాక కడుపులో తిప్పింది. బండి ఆపించి, దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను. నోరు కడుక్కుని, నాలుగు నిమిషాలు చల్లగాలి పీల్చుకుని తిరిగొచ్చి తలుపు జరిపాను. మళ్ళీ గుప్పుమంది. పొద్దుటికంటే ఎక్కువగా. అప్పుడు నాకు తెలిసింది, వాసన తగ్గలేదు. లోపల కూర్చున్నవాళ్ళ ముక్కులే దానికి అలవాటుపడిపోయాయి.

ఈసారి ఊరుకోలేదు. "బావా, గ్యాసు కారతా ఉండాది. దిగి చూడు" అన్నాను.

ఆయన ముందు సీట్లోనుంచి రెండుసార్లు గాలి ఎగపీల్చాడు. "నాకేం రాలేదే. అమ్మా, నీకొస్తా ఉండాదా?"

"ఏం లేదు నాయనా" అంది అత్త.

"దిగి చూడు బావా. బయట కాసేపు నిలబడి లోపలికి రా, అప్పుడు తెలుస్తాది."

"వానలోనా? పొద్దున అగరొత్తులు వెలిగించినా గదా, అప్పుడే ఏమీ కాలేదు. ఇప్పుడేమైతాది? సరే, నీకోసం పెట్రోలుకి మారస్తాలే. ఇదిగో, మార్చేసినా. సంతోషమా?"

"స్విచ్చి కాదు. సిలిండరు నాబు కట్టేయి."

"దానిమీద ఎంత సామాను పేర్చినామో చూసినావా? అంతా యాడ దింపేది, ఈ వానలో? బెల్లం నీళ్ళయిపోదూ!"

ఆ మాట మీద అత్త కూడా అవునంది. సారె బెల్లం తడవకూడదు. తడిస్తే అశుభం. స్విచ్చి మారిస్తే ఇంజనుకు పోయే గ్యాసు ఆగుతుంది గానీ, సిలిండరు దగ్గర కారేది ఆగుతుందా? ఈ మాత్రం పంపుల అంగడి నడిపే మనిషికి తెలియదా? తెలుసు. తెలిసీ వానలో దిగబుద్ధి కాలేదు. అంత చిన్న బద్ధకం. దానికి ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

తిరుపతి, రేణిగుంట దాటాం. రోడ్డంతా నీళ్ళు. ఎదురొచ్చే లారీలు అద్దం మీద బురద కొట్టి పోతున్నాయి. నా పక్కనున్న అద్దాన్ని రెండు వేళ్ళ సందు జరిపి, ముక్కు ఆ సందుకు ఆనించుకుని కూర్చున్నాను. వానజల్లు ముఖం మీద కొడుతోంది. కాసేపయ్యాక అత్త నా మీదుగా చెయ్యి చాచి అద్దం మూసేసింది. "జలుబు చేస్తాది మే, నీకే కాదు లోపలున్న బిడ్డకీనూ." నేను మళ్ళీ తెరిచాను. మళ్ళీ మూసింది. ఏర్పేడు దాకా ఇదే పని. ఇద్దరం ఆ బిడ్డకోసమే ఒకరితో ఒకరం పోట్లాడుకుంటున్నాం.

ఏర్పేడులో టైరుకు గాలి తగ్గిందని బావ ఒక పంచరు అంగడి దగ్గర ఆపాడు. అంగడి సాయిబు పెద్దాయన, తలమీద గోనెసంచి మడిచి వేసుకుని వచ్చి వెనక టైరు దగ్గర వంగాడు. వంగినవాడు తల ఎత్తి బండిని ఎగాదిగా చూశాడు.

"గ్యాసు బండా అబ్బా ఇది?"

"అవును భాయ్" అన్నాడు బావ.

"వాసన కొడతా ఉండాది. బాగా కొడతా ఉండాది. లోపల ఆడోళ్ళుండారు, ముందు ఆ నాబు కట్టేసి, తలుపులు తీసి పెట్టు."

నేను అద్దం జరిపి అంతా విన్నాను. నా ప్రాణం లేచొచ్చింది. బావ మాత్రం పదిమందిలో తప్పు పట్టినట్టు ముడుచుకుపోయాడు. "పెట్రోలుకి మార్చేసినాలే భాయ్. నాయుడుపేటలో మెకానిక్కు ఉండాడు, చూపిస్తాం" అన్నాడు.

"నాయుడుపేట దాకా ఎందుకప్పా? పది నిమిషాల పని" అంటూ ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. బావ అప్పటికే తలుపు వేసుకున్నాడు. బయటివాడి ముందు తన బండిలో లోపం ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదు. "విన్నావా?" అన్నాను. "గమ్మునుండు. గంటలో నాయుడుపేట" అన్నాడు.

అక్కడ నేను దిగిపోవాల్సింది. ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ఏర్పేడులో బస్సులుంటాయి, తిరుపతికి తిరిగిపోవచ్చు, అక్కణ్ణుంచి వడమాలపేటలో మా నాయన దగ్గరికి పోవచ్చు. ఎందుకు దిగలేదంటే ఏం చెప్పను? సారెతో పోయే దారిలో మధ్యలో దిగిపోయిన కోడలని జన్మంతా అంటారు. ఆ కడుపుకు ఏదైనా అయితే, మధ్యలో దిగింది గనకే అయిందంటారు. భయానికి భయం అడ్డం పడింది. అత్త నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది. ఆ చెయ్యి లాక్కుని దిగడం నా చేతకాలేదు.

కాళహస్తి దాటాక వాన కాస్త తెరిపి ఇచ్చింది. అటూ ఇటూ నీళ్ళు నిండిన పొలాలు, మనిషి అలికిడి లేదు. నెల్లూరు జిల్లా వస్తోందనగా అత్త, "నాయనా, బండి ఆపు. పొలిమేర వచ్చింది" అంది.

మా వాళ్ళలో ఇది ఉంది. కడుపుతో ఉన్న మనిషి పొలిమేర దాటేటప్పుడు ఆగి, కర్పూరం వెలిగించి దిష్టి తీయాలి. కొత్త చోట కనిపెట్టుకుని ఉన్నదేదీ ఆమె వెంట పడకుండా. అత్త పొద్దున్నే చిన్న ఇత్తడి పళ్ళెం, కర్పూరం, అగ్గిపెట్టె సంచిలో సర్దుకుంది. బావ బండి పక్కకు తీసి, దిగి, తలుపు జరిపాడు. నేను దిగి రోడ్డు మీద నిలబడ్డాను. అత్త తలుపు దగ్గర నిలబడి అగ్గిపుల్ల గీసింది. గాలికి ఆరింది. ఇంకోటి గీసింది. చినుకు పడి కర్పూరం తడిసింది. మూడోది కూడా ఆరిపోయాక, "కొండెక్కిపోతా ఉండాది, లోపలికి రా మే. తలుపు మూసుకుని తీస్తాను" అంది.

"వద్దత్తా!"

"ఊరికే ఉండు. తీయకుండా పొలిమేర దాటకూడదు."

ఆమె లోపలికెక్కి సీట్లో కూర్చుంది. పళ్ళెంలో కొత్త కర్పూరం పెట్టింది. నన్ను చెయ్యి పట్టి లోపలికి లాగింది. నేను బయటి గాలి పీల్చి వచ్చానేమో, ఆ వాసన ముఖం మీద గోడలా తగిలింది. ఆమెకు తెలియడం లేదు. ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది. అగ్గిపెట్టె తెరుస్తోంది.

నేను ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. చెయ్యెత్తి ఆ పళ్ళేన్ని కొట్టాను. అది ఎగిరి ఖంగుమని వ్యాను నేల మీద పడింది. కర్పూరం బిళ్ళలు సీటు కిందికి దొర్లాయి. ఒక్క ఉదుటున వెనక్కి దూకి రోడ్డు మీద పడ్డాను.

హారతి పళ్ళేన్ని చేత్తో కొట్టిన ఆడమనిషిని అంతకుముందు మా ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. బావ నా ముందుకొచ్చి నిలబడి అరవడం మొదలుపెట్టాడు. "తిక్కనా నీకు? మా అమ్మ చేతిలో హారతి తోస్తావా? నీ బిడ్డ కోసమే గదా మే తీస్తా ఉండేది!" ఆయన వీపు బండివైపు ఉంది. ఆయన భుజం మీదుగా నాకు లోపల అత్త కనబడుతోంది. వంగి కర్పూరం ఏరుకుంటోంది. కిందపడ్డ హారతిని అప్పటికప్పుడు మళ్ళీ వెలిగించకపోతే కడుపుకు కీడని ఆమె భయం. నా కోసం, నా బిడ్డ కోసం, తలుపు సగం మూసుకుని అగ్గిపెట్టె తీసింది.

చూశాను. చూస్తున్నాను. నోరు తెరిచాను, అరిచానో లేదో తెలియదు. బావ అరుపుల్లో కలిసిపోయి ఉంటుంది. ఒకటి మాత్రం బాగా తెలుసు. ఆ క్షణంలో నా రెండు చేతులూ నా కడుపు మీదికి పోయాయి. అత్త వైపు పోలేదు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. భుగ్గుమంది, అంతే. వ్యాను లోపలంతా ఒక్కసారి నీలంగా, తరవాత పచ్చగా వెలిగింది. బావ వెనక్కి తిరిగి తలుపులో చేతులు పెట్టి అత్తను బయటికి లాగాడు. ఆమె చీర మండుతోంది. రోడ్డు పక్క నీళ్ళగుంటలో దొర్లించాం. ఆ వెనకే బండి వెనక భాగం అంటుకుంది. ఒక లారీ ఆగింది. అందులోవాళ్ళు మమ్మల్ని దూరంగా ఈడ్చుకుపోయారు. సిలిండరు పేలలేదు. పేలి ఉంటే ఇది చెప్పడానికి నేను లేను.

ఆ లారీలోనే నాయుడుపేట పోయి, అక్కణ్ణుంచి ఇంకో బండిలో తిరుపతి ఆసుపత్రిలో చేర్చారు. బావకు మోచేతుల దాకా కాలింది, మానింది. అత్తకు నడుము కింద భాగమంతా కాలింది. నాకేమీ కాలేదు. డాక్టర్లు చూసి కడుపులో బిడ్డ క్షేమమన్నారు.

చుట్టాలు వచ్చారు. వచ్చినవాళ్ళందరూ ముందు అత్తను చూసి, తరవాత వరండాలో నన్ను చూసేవాళ్ళు. "హారతి పళ్ళెం తోసేసిందంట" అనుకునేవాళ్ళు నాకు వినబడేటట్టే. మా నాయన వడమాలపేట నుంచి వచ్చాడు. అత్త ఆయనకు తోడబుట్టిన అక్క. కళ్ళనీళ్ళతో నా దగ్గరికొచ్చి, "నేనిట్లనే పెంచినానా మే నిన్ను? దేవుడి హారతిని కొట్టేంత పొగరు యాడనుంచి వచ్చింది నీకు?" అన్నాడు.

"గ్యాసు కారింది నాయనా. పొద్దున్నించి చెబుతూనే ఉన్నా, ఎవరూ వినలా."

"అదే, పొద్దున్నించి నువ్వంటూనే ఉండావంట గదా" అన్నాడు.

బావ పక్కనే ఉన్నాడు, కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఏర్పేడు సాయిబు మాట ఆయనా విన్నాడు. ఒక్కసారి, ఒక్కసారి, "అది చెప్పింది నిజమే" అని ఉంటే చాలు. అనలేదు. నేల చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు నేను ఆయన్ను అసహ్యించుకున్నాను. ఆ తరవాత ఇన్నేళ్ళు కాపురం చేశాను, అది వేరే సంగతి.

తొమ్మిదో రోజు డాక్టరు నన్నూ బావనూ పక్కకు పిలిచి, చీము రక్తంలో కలుస్తోందని, మందులు పట్టడం లేదని, మనసు గట్టి చేసుకోండని చెప్పాడు. ఆ మాట మేం ఎవరికీ చెప్పలేదు. అత్తతో అందరూ, "బాగవుతా ఉండాది, వారంలో ఇంటికి పోతాం" అనే చెబుతున్నారు.

ఆ మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయారు. నేను ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆమె కళ్ళు తెరిచి చుట్టూ చూసి, ఎవరూ లేరని నిమ్మళపడి, నన్ను దగ్గరికి రమ్మంది.

"నాకూ వచ్చింది మే, ఆ వాసన" అంది.

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడత్తా?"

"ఇంటి దగ్గరే. బండెక్కినప్పుడు. నీకంటే ముందే వచ్చింది. తరవాత పోయింది, పోయిందిలే అనుకున్నా."

తొమ్మిది రోజులుగా అందరూ నన్ను పీక్కుతింటుంటే ఈమె ఈ మంచం మీద పడుకుని అంతా వింటోంది. "మరి ఎందుకు చెప్పలేదత్తా? నాకు వేవిళ్ళని ఎందుకన్నావు?" కోపం ఆపుకోలేకపోయాను. కాలిపోయిన మనిషి మీద కోపం.

"ఈ కడుపు నిలిచి బిడ్డ చేతికొచ్చేదాకా నా నోట చెడ్డమాట రానీనని మొక్కుకున్నా మే. నీ నోరు ఆపలేను. నాదన్నా ఆపుకుందామని."

నేను తల ఆమె దిండు మీద పెట్టేసి ఏడ్చాను. కోపంతో ఏడ్చానో, జాలితో ఏడ్చానో, ఇద్దరం ఒకే బిడ్డ కోసం ఇంత పని చేసుకున్నామని ఏడ్చానో. ఆమె ఏడవలేదు. నా ఏడుపు తగ్గేదాకా ఆగి, మెల్లగా అడిగింది.

"వీళ్ళెవరూ నాకు నిజం చెప్పరు. ఇంట్లో నిజం చెప్పేది నువ్వొక్కదానివే. చెప్పు. నేను బతకతానా? బిడ్డను చూస్తానా?"

ఆమె నా ముఖంలోకి చూస్తోంది. డాక్టరు చెప్పిన మాట నా నాలిక మీద ఉంది. మొట్టమొదటిసారి ఆ ఇంటి మనిషి నిజం చెప్పమని నన్ను అడుగుతోంది.

"చూస్తావత్తా" అన్నాను. "నీ ఒళ్ళోనే వేస్తాను."

ఆమె ముఖం తేటపడింది. నా చెయ్యి పట్టుకుని, "నువ్వంటే జరుగుతాదిలే" అంది.

ఆ తరవాత మూడో రోజు అత్త పోయింది. బిడ్డ చైత్రంలో పుట్టింది.